మాటలకు వంతు

“చూస్తూ ఉండండి, ఈ ఇంగ్లీషు ఏదో ఒకరోజు మన పిల్ల నోరు మూయించేస్తుంది” అన్నాను మా ఆయనతో.

అప్పటికింకా ఏమీ జరగలేదు. ఆయన ఐస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నారు. మధ్యాహ్నం అన్నానికని బడి నుంచి మా తన్మయి వీధి చివర్నించే “అమ్మా, ఆకలే!” అని అరుచుకుంటూ వస్తోంది. ఆ కేక వినబడితే మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా పొయ్యి వెలిగించుకునేవారు. గడియారం అక్కర్లేదు.

“నీకు వానొస్తే వరదని భయం, రాకపోతే కరువని భయం” అన్నారాయన. “దాని నోరు మూయించాలంటే మీ అమ్మ పోసిన వస అంతా కక్కించాలే. అది ఇంగ్లీషు వల్లయ్యే పనా?”

అదీ నిజమే. చంటిపిల్లలకు మాటలు తొందరగా రావాలని మా వైపు వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తారు. మా అమ్మ మనవరాలి మీద ప్రేమకొద్దీ కొంచెం ఎక్కువే రాసింది. పిల్ల నిద్రలో కూడా మాట్లాడుతుంది.

అయినా నా భయం నాది. నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఇంగ్లీషులో నాకు అక్షరాలు తెలుసుగానీ వాటి స్వభావం తెలీదు. ఆ స్వభావం మా పిల్లే ఒకరోజు చెప్పింది. బ్యాట్ అంటే బంతిని కొట్టేదిట, గబ్బిలం కూడానట. రాతలో తేడా ఉండదుట, మనమే పోల్చుకోవాలట. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. రెండు కాపురాలున్న మనిషిని ఎలా నమ్మమో, రెండు అర్థాలున్న మాటనీ అలాగే నమ్మకూడదని నా ఉద్దేశం. ఎప్పుడో ఒకప్పుడు వీధిన పడుతుంది.

క్వార్టర్లీ పరీక్షల్లో పడింది.

మా పిల్ల చదివే ఐదో తరగతి పేపర్లో ‘బ్యాంక్’ అంటే ఏమిటో రాయమన్నారు. సగంమంది పిల్లలు డబ్బు దాచుకునే చోటని రాశారు. సగంమంది గట్టు అని రాశారు. ఇంగ్లీషు చెప్పే ఫణికుమార్ మాస్టారు గైడు చూసి, గట్లన్నిటికీ ఇంటూ పెట్టేశారు. మర్నాడు పొద్దున్నకల్లా మా ఊరి కాన్వెంటు గేటు దగ్గర మగాళ్లు చేరిపోయారు.

“మావోడు పుట్టిన కాడ్నించీ గట్టు మీదే తిరుగుతున్నాడండీ. ఆడికి గట్టు తెలీదంటారా?” అన్నాడొక రైతు.

“గట్టుని బ్యాంకంటే రేపు మా సొసైటీలోకి ఎవడడుగు పెడతాడండీ? బురద కాళ్లతో వచ్చేస్తారు” అన్నాడు సొసైటీ బ్యాంకు గుమాస్తా.

ఫణికుమార్ మాస్టారు ఇద్దరి మధ్యకీ వచ్చి, “రెండూ కరెక్టేనండీ” అన్నారు. అంతే, అంతవరకూ ఒకళ్ల మీద ఒకళ్లకున్న కోపం ఆయన మీదికి తిరిగింది. “రెండూ కరెక్టయితే ఇంక మావాడు కరెక్టవడంలో గొప్పేముందండీ?” అని గుమాస్తా చొక్కా చేతులు మడిచాడు.

అప్పుడొచ్చారు కరస్పాండెంటు సూర్యభాస్కరరావుగారు. కాన్వెంటు పెట్టకముందు ఆయన చాలాకాలం కాలవ నీటి సంఘానికి అధ్యక్షులుగా చేశారు. రెండో పంటకి కాలవలో నీళ్లు చాలవు. అందుకని కొన్నాళ్లు పై ఊళ్లకు వదిలి, తర్వాత కాలవ తలుపులు దించి, కొన్నాళ్లు కింది ఊళ్లకు వదులుతారు. దాన్నే వంతు అంటాం. తలకాయలు పగలాల్సిన తగాదాలెన్నిటినో ఆయన వంతు పెట్టి ఆపారు. అప్పట్నించీ ఏ కష్టం చూసినా ఆయనకు కాలవలాగే కనిపిస్తుంది.

ఆయన సిమెంటు బెంచీ ఎక్కి చెయ్యి పైకెత్తారు.

“తల్లిదండ్రులారా! ఒకే కాలవ మీద రెండూళ్లు ఆధారపడ్డప్పుడు మనం ఏం చేస్తాం? వంతు పెట్టుకుంటాం. ఒకే మాట మీద రెండర్థాలు ఆధారపడ్డప్పుడు కూడా అంతే. సోమ, మంగళ, బుధవారాలు పై అర్థం. గురు, శుక్ర, శనివారాలు కింది అర్థం. ఆదివారం తలుపులు బంద్. ఒకరి వంతులో ఇంకొకరు వేలు పెట్టరాదు.”

“పై అర్థమేదో, కింది అర్థమేదో ఎవరు తేలుస్తారండీ?” అని అడిగారు ఫణికుమార్ మాస్టారు.

“అదేం ప్రశ్నండీ? డబ్బు పైన, మట్టి కింద. లోకంలో ఎక్కడైనా అంతేగా!”

అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లని దిగబెట్టడానికెళ్లి అక్కడే ఆగిపోయిన నేనూ కొట్టాను. కొట్టకపోతే ఎవరైనా చూసి పిల్లకి మార్కులు తగ్గిస్తారేమోనని భయం.

మర్నాడు ప్రిన్సిపాల్ ఎలిజబెత్ రాణి మేడంగారు ప్రార్థన దగ్గర మైకులో చదివారు. “ఇందుమూలముగా సమస్త విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, ఆంగ్ల పదముల యొక్క ఎగువ అర్థములు నేటి నుండి విడుదల చేయబడినవి. దిగువ అర్థములను గురువారము వరకు ఎవరునూ తలచుకొనరాదు.”

ఈ తలుపులు కాయడానికి గంటయ్యని పెట్టారు. కాలవ మీద లష్కరుగా తలుపులు ఎత్తడం, దించడం చేసి రిటైరైనవాడు. వాడికి ఖాకీ చొక్కా, ఈల, రెండు జెండాలు ఇచ్చారు. పై వంతుకి పచ్చజెండా, కింది వంతుకి ఎర్రజెండా. బడి ఆవరణలో స్తంభానికి ఎక్కిస్తాడు. వాడికి ఇంగ్లీషు రాదుకదండీ అని ఎవరో అడిగితే, “అదే వాడి అర్హత. లష్కరుకి సొంత పొలం ఉండకూడదు. ఉంటే పక్షపాతం వస్తుంది” అన్నారు కరస్పాండెంటుగారు.

మొదట్లో మా పిల్లకి ఇదంతా సరదాగానే ఉండేది. ఎర్రజెండా రోజుల్లో బ్యాట్ అంటే గబ్బిలమే కాబట్టి క్రికెట్ బ్యాట్లన్నీ స్టోర్ రూములో పెట్టి తాళం వేసేవారు. ఒక గురువారం డ్రిల్లు మాస్టారు అలవాటు కొద్దీ “లెఫ్ట్!” అని అరిచారు. ఎర్రజెండా కింద లెఫ్ట్ అంటే ఎడమకాలు కాదు, వెళ్లిపోవడం. పిల్లలంతా సంచులు తగిలించుకుని వెళ్లిపోయారు. మాస్టారు వెంటపడి “రైట్! రైట్!” అని అరిచారట. ఎర్రజెండాలో రైట్ అంటే కుడి కాదు, ఒప్పు. తాము చేసింది ఒప్పేనని మాస్టారే అంటుంటే పిల్లలు ఇంకా హుషారుగా నడిచారు.

“పిల్లలు నిబంధనల మేరకే నిష్క్రమించారు. తమరే వంతు పరిశీలించకుండా ఆజ్ఞ విడుదల చేశారు” అని మేడంగారు డ్రిల్లు మాస్టారిని సంజాయిషీ అడిగారు.

ఆవేళ మా తన్మయి పొద్దెక్కకుండానే ఇంటికొచ్చింది. “అమ్మా, ఆకలే!” వీధిలో ఆడవాళ్లంతా మధ్యాహ్నమైపోయిందని కంగారుపడి ఎసరు పెట్టేశారు.

అందరూ నవ్వారు. నేను మాత్రం “ఇది మంచికి కాదు” అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత శివారు తగాదా వచ్చింది. కాలవ చివరి పొలాలకు నీళ్లందవు కదా, అలాగే చివరి బెంచీల పిల్లలకు అర్థాలు అందడం లేదని వాళ్ల తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. కరస్పాండెంటుగారు తరగతికొచ్చి, బెంచీ బెంచీ దగ్గరా ఆగి, పిల్లల మొహాల్లోకి తొంగిచూసి, గడ్డం నిమురుకున్నారు.

“ముందు బెంచీలవాళ్లు పాఠమంతా పీల్చేస్తున్నారు. కిందికి ఏం మిగులుతుంది? ఇకనుంచి ముందు బెంచీ పిల్లలు సగం అర్థం కాగానే ఆగిపోవాలి. మిగతా సగం కిందికి వదలాలి.”

“సగం అర్థమైందని ఎలా తెలుస్తుందండీ?” అన్నారు ఫణికుమార్ మాస్టారు.

“మీకు పాఠం చెప్పేటప్పుడు ఎంత అర్థమవుతుందో, అంత.”

ఆ సాయంత్రమే పిల్లల సంచులు వెతికి డిక్షనరీలన్నీ పట్టుకుపోయారు. కాలవకి అడ్డంగా ఇంజను పెట్టి నీళ్లు తోడుకోవడం ఎంత నేరమో, ఇంట్లో డిక్షనరీ పెట్టుకుని అర్థాలు తోడుకోవడం అంత నేరమట. స్టోర్ రూములో బ్యాట్ల పక్కన వాటికీ తాళం పడింది.

ఇక మా పిల్ల సంగతి.

ఆవేళ సోమవారం, పచ్చజెండా. పాఠంలో ఒక రైతు ‘వెల్’లో పడతాడు. పచ్చజెండా రోజుల్లో వెల్ అంటే క్షేమం. కాబట్టి రైతు క్షేమంలో పడ్డాడు. మాస్టారు అలాగే చెప్పారు, కళ్లు పైకప్పు వైపు పెట్టి. చివరి బెంచీలో దుర్గాభవాని అనే పిల్ల లేచి నుంచుని, “క్షేమంలో పడితే మరి ఆళ్లావిడెందుకు ఏడుత్తందండీ?” అని అడిగింది. మాస్టారు, “అది గురువారం తెలుస్తుంది, కూర్చో” అన్నారు.

అన్నీ తెలిసి ఊరుకునే రకం కాదు నా కూతురు. వెనక్కి తిరిగి, “నూతిలో పడ్డాడే పిచ్చిదానా, నూతిలో!” అనేసింది.

కిటికీ బయట గంటయ్య ఈల వేశాడు.

నాకు కబురొచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్లాను. దార్లోనే పిల్ల చెయ్యి విరిగినట్టూ, కాలు విరిగినట్టూ, రెండూ విరిగినట్టూ అన్నీ ఊహించేసుకున్నాను. మేడంగారి గదిలో పిల్ల నిక్షేపంలా నుంచుని ఉంది.

“సత్యవేణిగారూ, కూర్చోండి” అన్నారు కరస్పాండెంటుగారు. “మీ అమ్మాయి గండి కొట్టింది.”

“అయ్యో నా తల్లీ! ఏ కాలవకండీ?”

“ఎగువ వంతు అమల్లో ఉండగా దిగువ అర్థమును అనధికారికముగా విడుదల చేసింది” అన్నారు మేడంగారు.

“ఎవరికైనా ఏమైనా అయిందాండీ?”

మేడంగారు తల దించుకున్నారు. “అర్థమైపోయిందండీ. చివరి బెంచీ మొత్తానికి అర్థమైపోయింది.”

“ఏదో చిన్నపిల్లండీ, తెలీక...”

“తెలిసే చేసింది. అదేకదా నేరం!” అన్నారు కరస్పాండెంటుగారు. “గండి పడితే ఏం చేస్తాం? ముందు ప్రవాహం ఆపుతాం. నేను చెప్పేవరకూ మీ అమ్మాయి బళ్లో నోరు విప్పకూడదు. వచ్చే బుధవారం పైనుంచి తనిఖీ అధికారిగారు మన పథకం చూడ్డానికి వస్తున్నారు. ఆయన ముందు మీ అమ్మాయినే నుంచోబెడతాను. వంతు ప్రకారం జవాబిస్తే గండి పూడినట్టు లెక్క. ఇవ్వకపోతే టీసీ తీసుకుని మీరు ఏటవతలి బడి చూసుకోండి.”

ఏటవతలి బడంటే రోజూ పంటు మీద గోదావరి దాటాలి. పంటు పేరు వింటేనే నాకు కళ్లు తిరుగుతాయి. పెళ్లయి అత్తారింటికి వచ్చేటప్పుడు ఎక్కాను, మళ్లీ ఎక్కలేదు. దండం పెట్టి, పిల్లని తీసుకుని ఇంటికొచ్చేశాను.

వీధి చివరికి వచ్చాం. పిల్ల అరవలేదు. ఆరోజు మా వీధిలో ఎవరూ వేళకి వండుకోలేదు.

బళ్లో నోరు విప్పొద్దంటే ఇంట్లో విప్పుతుందనుకున్నాను. విప్పలేదు. ఏదో చెప్పబోయి, గోడకున్న క్యాలెండరు వంక చూసి, ఆగిపోయేది. నేను “తెలుగులో మాట్లాడమ్మా, తెలుక్కి వంతుల్లేవు” అన్నాను. పిల్ల నా వంక జాలిగా చూసింది. ఆ సాయంత్రం “పాలు తాగుతావా?” అనడిగితే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. అప్పుడు తట్టింది నాకు. మా మావగారి ఆస్తి పంచినప్పుడు మా ఆయనకొచ్చింది కూడా పాలే. ఇది తాగే పాలో, పంచుకునే పాలో, ఏ జెండా కిందికొస్తుందో పాపం దానికి ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లం పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ ఆలోచించనిదంతా ఆ బుర్ర ఒక్కపూటలో ఆలోచించేసింది. తెలుగులో కూడా నమ్మకమైన మాటలు దానికి మిగల్లేదు.

ఇక నా భయాలకి అడ్డేముంది? పిల్ల మూగదైపోయిందనుకున్నాను. పెళ్లిచూపుల్లో పేరడిగితే క్యాలెండరు చూస్తుందనుకున్నాను. వసకొమ్ము తెప్పించి అరగదీసి నాలిక్కి రాశాను. పదేళ్ల పిల్లకి వసేమిటని పక్కింటి వదిన బుగ్గలు నొక్కుకుంది. పిల్ల చేదుకి మొహం చిట్లించిందిగానీ ‘ఛీ’ అనలేదు. ఛీ అన్నా బాగుండును!

అన్నిటికన్నా పెద్ద కష్టం, దానికి ఎప్పుడు ఆకలేస్తోందో నాకు తెలీకపోవడం. పెట్టింది తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. పుట్టినప్పట్నించీ అది అరవడం, నేను పెట్టడం. అరవని పిల్లకి ఎలా పెట్టాలో నాకెవరూ నేర్పలేదు. దాని కడుపు పట్టుకుని చూసేదాన్ని.

మా ఆయన గంటయ్యని కల్లు పాక దగ్గర పట్టుకుని, “ఒరే, మా పిల్ల వరకూ ఆ తలుపు కొంచెం ఎత్తి వదలరా” అని బతిమాలారట. “అమ్మమ్మా! నా చేతుల్లో ఏముందండీ? నేను జెండా ఎక్కించేవోణ్ణి. గాలెటుంటే అటు ఊగుద్ది” అన్నాడట వాడు.

ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డారు. “నువ్వన్నట్టే అయిందే” అన్నారు. నా భయం నిజమైందని ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి. దానికోసం ఎన్నాళ్లు ఎదురుచూశానో! తీరా వచ్చేసరికి ఏం చేసుకోవాలో తెలీలేదు.

బుధవారం వచ్చింది. అధికారిగారు పొద్దున్నే రావాలి. రాలేదు. పిల్లలందర్నీ అన్నాలు తినకుండా ఎండలో వరసగా నుంచోబెట్టారు, తింటుండగా ఆయన వచ్చేస్తే బాగుండదని. తల్లిదండ్రులం వేపచెట్టు నీడన కూర్చున్నాం. మా తన్మయిని ఒక్కదాన్నీ స్తంభం పక్కన బల్ల మీద నుంచోబెట్టారు. పచ్చజెండా ఎగురుతోంది. జవాబులన్నీ పచ్చజెండావే బట్టీ పట్టించారు.

మధ్యాహ్నం దాటిపోయింది. బుధవారం ఆ వేళకి పై వంతు అయిపోతుంది. కాలవ మీద ఒక వంతు దించి ఇంకో వంతు ఎత్తేలోపు రెండు తలుపులూ మూసి ఉంచే సమయం ఒకటుంటుంది. అప్పుడు నీళ్లు ఎవరికీ ఉండవు. కరస్పాండెంటుగారు ఆ ముచ్చటని కూడా వదల్లేదు. పచ్చజెండా దించాక, మర్నాడు ప్రార్థన గంట కొట్టేవరకూ ఎర్రజెండా ఎక్కదు. ఆ మధ్యలో ఏ మాటకీ ఏ అర్థమూ ఉండదు.

గంటయ్య వేళ చూసుకుని పచ్చజెండా దించాడు. సరిగ్గా అప్పుడే జీపు గేట్లోకొచ్చింది.

“ఎక్కించరా, ఎక్కించు! ఏదో ఒకటి ఎక్కించు!” అన్నారు కరస్పాండెంటుగారు పళ్ల బిగువున.

“గంట కొట్టందే ఎక్కదండి. రూలు తమరెట్టిందేగా” అన్నాడు గంటయ్య జెండాలు రెండూ చంకలో పెట్టుకుని.

అధికారిగారు దిగారు. మేడంగారు స్వాగతం చెప్పాలని నోరు తెరిచి, ఉత్త స్తంభం చూసి, నోరు మూసి, నమస్కారం పెట్టారు. మాస్టర్లంతా నమస్కారాలు పెట్టారు. ఎవరూ కిక్కురుమనలేదు. ఎండలో పిల్లలు బొమ్మల్లా ఉన్నారు.

అధికారిగారి మొహం వెలిగిపోయింది. “ఆహా! ఏమి నిశ్శబ్దం, ఏమి క్రమశిక్షణ! నా సర్వీసులో ఇంతటి ప్రశాంత బోధనా వాతావరణం దృగ్గోచరం కాలేదు. మూడేసి అర్థములు గల పదములకు మూడు వంతుల విధానమును రూపొందించి, దీనిని జిల్లా వ్యాప్తముగా అమలు చేయుటకు సిఫారసు చేయుచున్నాను.”

తర్వాత బల్ల మీదున్న మా పిల్ల దగ్గరకొచ్చారు. “వాట్ ఈజ్ యువర్ నేమ్, బేబీ?”

పిల్ల స్తంభం వైపు చూసింది. జెండా లేదు. నోరు విప్పలేదు.

“భేష్! తొందరపాటు లేదు” అన్నారాయన. “పోనీ తెలుగులోనే చెప్పమ్మా. నీ పేరేమిటి?”

పిల్ల మళ్లీ స్తంభం వంక చూసింది.

“ఆలోచిస్తోంది. చాలా లోతైన పిల్ల.” ఆయన కాసేపు ఆగారు. ఇంకాసేపు ఆగారు. చేతిరుమాలుతో మెడ తుడుచుకుని కరస్పాండెంటుగారి వైపు తిరిగి, గొంతు తగ్గించి, “అమ్మాయికి మాటలు వచ్చునా?” అన్నారు.

“వచ్చునండీ. వంతు ప్రకారం వచ్చును” అన్నారు కరస్పాండెంటుగారు. నా వైపు చూసిన చూపులో మాత్రం టీసీ స్పష్టంగా కనబడింది.

పంటు కనబడింది నాకు. గోదావరి కనబడింది. దాని మధ్యలో చిన్న సంచి తగిలించుకుని, మునిగిపోతున్నా కేకెయ్యని నా పిల్ల కనబడింది. అంతే, ఎలా లేచానో తెలీదు. మీటింగుల్లో ఎన్నడూ నోరెత్తని మనిషిని, పిల్లల వరసల మధ్యనుంచి నడుచుకుంటూ బల్ల దగ్గరకెళ్లి నుంచున్నాను.

“అమ్మగారండీ, ఇప్పుడు బందండీ” అన్నాడు గంటయ్య, ఈల నోట్లో పెట్టుకుంటూ.

నేను వాడి వంక చూడలేదు. పిల్ల కడుపు మీద చెయ్యి వేశాను. లోపలికి అంటుకుపోయి ఉంది.

“బుజ్జీ, ఆకలేస్తోందా?”

పిల్ల నన్ను చూసింది. స్తంభాన్ని చూసింది. గంటయ్య చంకలో నలిగిపోయిన పచ్చజెండా చూసింది, ఎర్రజెండా చూసింది. కరస్పాండెంటుగారు కణత మీద చెయ్యి వేసుకున్నారు. మేడంగారు కళ్లు మూసుకున్నారు. చివరి వరసలో దుర్గాభవాని మాత్రం మునివేళ్ల మీద లేచి చూస్తోంది. వేపచెట్టు కింద ఎవరి చంటిపిల్లో దగ్గింది. ఆ తర్వాత అదీ లేదు. అధికారిగారు మెచ్చుకున్న నిశ్శబ్దం ఆయనకే భరించరానంత పొడుగైపోయింది. నేను చెయ్యి తియ్యలేదు.

పిల్ల పెదవులు తడుపుకుంది.

“వేస్తోందే అమ్మా” అంది. అని, అధికారిగారి వైపు తిరిగి, గేటవతల మా వీధి చివరి వరకూ వినబడేలా అరిచింది:

“రెండు వంతుల్లోనూ వేస్తోందండీ!”